తలుపు దగ్గర నాలుగు గంటలు

గోడ కనబడితే నా చెయ్యి ఊరుకోదు, తట్టి చూస్తాను. ముప్పయ్యేళ్ళు సైట్ల మీద కాంక్రీటు పోయించినవాడికి అది పోయే జబ్బు కాదు. ఫ్రాన్స్‌లో సముద్రం ఒడ్డున ఉన్న వీస్త్రెహాం ఊళ్ళో బంకర్ మ్యూజియంకి వెళ్ళినప్పుడు కూడా టికెట్ కొనకముందే గోడ మీద రెండు దెబ్బలు వేశాను. "నాన్నా, అది నీ సైట్ కాదు" అంది మా అమ్మాయి. తను అక్కడికి పదిహేను కిలోమీటర్ల దూరంలో కాన్‌లో చదువుతోంది.

బంకర్ అంటే భూమిలో కూరుకుపోయిన పెట్టె అనుకుని వెళ్ళాను. ఇదేమో ఇళ్ళ మధ్య నిటారుగా 17 మీటర్ల టవర్. దీన్ని 'గ్రాండ్ బంకర్' అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు నార్వే నుంచి స్పెయిన్ సరిహద్దు దాకా తీరం వెంట కట్టిన అట్లాంటిక్ వాల్‌లో భాగం. పైనుంచి సముద్రం మీద దూరాలు కొలిచి, ఓర్న్ నది మొగను కాసే ఫిరంగులకి ఎటు కాల్చాలో చెప్పడం దీని పని. 1987లో దీన్ని బాగుచేసి, లోపలంతా 1944 జూన్ 6 నాటికి ఎలా ఉండేదో అలా అమర్చారు.

మొదటి గుమ్మానికే నుదురు కొట్టుకున్నాను. హెల్మెట్ పెట్టుకోలేదని కుర్రాళ్ళని ఎంత తిట్టేవాణ్ణో! అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది.

పడకలు, మందుల గది, టెలిఫోన్ స్విచ్‌బోర్డు... అన్నీ చూశాం. నేను ఎక్కువసేపు నిలబడింది గాలి ఫిల్టర్ల దగ్గర. ఇలాంటి బంకర్లలో లోపలి గాలి ఒత్తిడి బయటికన్నా కాస్త ఎక్కువ ఉండేలా చూస్తారు. అప్పుడు ఎక్కడ సందున్నా గాలి బయటికే పోతుంది తప్ప విషవాయువు లోపలికి రాదు. అంత చిన్న కిటుకు మీద యాభైమంది ఊపిరి!

యాభై అని ఊరికే అనలేదు. జర్మన్ల చేతుల్లోంచి ఫ్రాన్స్‌ని విడిపించడానికి జూన్ 6న మిత్రదేశాల సైన్యం ఈ తీరంలో దిగింది. వాళ్ళ కమాండోలు టవర్ మీదికి వస్తే, లోపలివాళ్ళు మెషిన్ గన్‌లతో, గ్రెనేడ్లతో వెనక్కి కొట్టారు. తర్వాత ఊరంతా చేతులు మారినా ఇది మాత్రం మూసుకునే ఉండిపోయింది. 9వ తేదీన బాబ్ ఓరెల్ అనే బ్రిటిష్ ఇంజనీర్ దళం లెఫ్టినెంట్ ముగ్గురిని వెంటబెట్టుకుని వచ్చి, ఇనుప తలుపుకి పేలుడు పదార్థం పెట్టాడు. అది తెరుచుకోవడానికి నాలుగు గంటలు పట్టింది. చివరికి ఇద్దరు ఆఫీసర్లు, యాభైమంది సిపాయిలు లొంగిపోయారు.

ఆ నాలుగు గంటలే నన్ను పట్టుకున్నాయి. పోసేసిన స్లాబ్‌లో పైపుకి కన్నం పెట్టాలంటేనే మాకు సగం రోజు పోతుంది, పక్కింటివాళ్ళు తిట్టడం మొదలెడతారు. ఇక్కడ తలుపు అవతల చీకట్లో కూర్చున్నవాళ్ళకి ఒక్కో పేలుడూ ఎలా వినబడిందో! మూడు రోజులుగా సముద్రం మీద ఓడలు నిండిపోవడం చూస్తూనే ఉన్నారు. చూసి చెప్పడమే కదా వాళ్ళ ఉద్యోగం. చెప్పడానికి ఎవరు మిగిలారని?

మెట్ల దగ్గర ఒక మూల కాంక్రీటు మీద సెంట్రింగ్ చెక్కల అచ్చు కనిపించింది. చెక్క నారలు, ఒకచోట ముడి, గోరు పెడితే తెలిసేంత స్పష్టంగా. ఫోటో తీసి మా మేస్త్రీకి వాట్సాప్‌లో పంపాను. ఇరవై ఏళ్ళుగా నాతోనే ఉన్న మనిషి. నిమిషంలో జవాబు: "పోత బాగా కుదిరింది సార్, ఎక్కడా తేనెపట్టులా గుల్లలు లేవు. ఎవరు పోశారు?"

బస్సులో కూర్చుని నాకు తెలిసింది టైప్ చేశాను. అట్లాంటిక్ వాల్‌ని కట్టించింది టోట్ సంస్థ. దాన్ని పెట్టిన ఫ్రిట్జ్ టోట్ మనలాంటి సివిల్ ఇంజనీరే, జర్మనీలో హైవేలు వేయించినవాడు. గోడ పనికి రకరకాల దేశాల నుంచి మనుషుల్ని తెచ్చారు, అందులో చాలామందిని బలవంతంగానే.

మా మేస్త్రీ మళ్ళీ ఒక్క ముక్క పంపాడు. "కూలీ ఇచ్చారా సార్?"