ట్రైలర్ టైర్లకి నైట్రోజన్ అవసరమా? నా అనుభవం

ప్రయాణం ముగించుకుని నిన్ననే ఇల్లు చేరాం. ట్రైలర్ టైర్లు నాలుగూ చెక్కుచెదరలేదు. మామూలు గాలికి బదులు నైట్రోజన్ నింపితే టైరులో పీడనం వేడికి పెరగదనీ, మెల్లగా దిగుతుందనీ అంటుంటారు. ఆ ఘనత నైట్రోజన్‌దే అనుకునేవాళ్లు ఉంటారు కాబట్టి, అసలేం జరిగిందో కోపం చల్లారకముందే రాసేస్తున్నాను.

మాది కారు వెనక తగిలించి లాగే రెండు ఇరుసుల ట్రైలర్. టైర్లు మార్పించడం తేలిగ్గానే అయిపోయింది. ట్రైలర్ల కోసమే తయారుచేసే ఎస్‌టీ రకం తీసుకున్నాను. తయారైన వారం, సంవత్సరం చెప్పే నాలుగంకెలు సైడ్‌వాల్ మీద చూసి, పాత సరుకు కాదని తేల్చుకున్నాను. షాపువాళ్లు నైట్రోజన్ నింపి, వాల్వులకి ఆకుపచ్చ మూతలు బిగించి, బిల్లు మీద ‘నైట్రోజన్ మాత్రమే వాడవలెను’ అని ముద్ర కొట్టి ఇచ్చారు.

ఆ తర్వాత ట్రైలర్ చాలాకాలం కదలకుండా ఉంది. బయల్దేరే ముందురోజు పొద్దున, ఎండెక్కకముందే గేజ్ పెట్టి చూశాను. ఈ టైర్లలో ఉండాల్సింది 65 పీఎస్‌ఐ (టైరులో పీడనం కొలిచే లెక్క, పాయింట్లన్నా అదే). మూడింటిలో దానికి ఒకటి రెండు పాయింట్లు తక్కువ. ఎడమవైపు వెనక టైరులో మాత్రం 52.

రెండు ఇరుసుల ట్రైలర్‌కి ఇది చిన్న విషయం కాదు. ఒక టైరులో గాలి తగ్గితే దాని వంతు బరువు పక్క టైరు మోయాలి. గాలి తగ్గిన టైరేమో వంగి వంగి వేడెక్కి, లోపలి పొరలు విడిపోయి పేలుతుంది. కారు టైరయితే స్టీరింగ్‌లో తేడా తెలుస్తుంది. ట్రైలర్ టైరు సంగతి చాలాసార్లు పేలాక గానీ తెలియదు.

వారంటీ పేచీ ఎందుకని ముద్ర కొట్టిన షాపుకే వెళ్లాను. నా ఓపిక మొత్తం అక్కడే అయిపోయింది.

“ఒక్క టైరుకి పెట్టం మేడం. నాలుగూ ఖాళీ చేసి మళ్లీ నింపాలి. మధ్యలో మామూలు గాలి కలిపేసి ఉంటారు” అన్నాడు కౌంటర్ దగ్గరి మనిషి. కలపలేదని చెప్పాను. “అందరూ అలాగే అంటారు” అన్నాడు, నా వెనక నిలబడ్డవాళ్లందరికీ వినపడేలా. కార్లకి అడ్డంగా ఉందని ట్రైలర్‌ని మా కారు నుంచి విప్పించి ఒక మూలకి తోయించారు. సాయానికి ఒక్కరూ రాలేదు. నా తర్వాత వచ్చిన కార్లన్నీ అయిపోయాక నా వంతు వచ్చింది.

ఒక కుర్రాడు వాల్వుల లోపల గాలిని ఆపే పిన్నులు పీకి నాలుగు టైర్లూ ఖాళీ చేశాడు. నింపడం అయిపోయిందన్నాక నా గేజ్ పెట్టి చూశాను. 35! నాలుగింటిలోనూ 35! గోడ మీద కార్ల పట్టిక ఒకటి ఉంటే అది చూసి నింపేశాడు. మోకాళ్ల మీద కూర్చుని, గుడ్డతో దుమ్ము తుడిచి, సైడ్‌వాల్ మీద అచ్చు వేసిన అంకె చూపించాను. పూర్తి బరువు మోయాలంటే చల్లగా ఉన్నప్పుడు 65 పీఎస్‌ఐ ఉండాలని దాని మీదే ఉంది. కుర్రాడు కౌంటర్ వైపు చూశాడు.

కౌంటర్ మనిషి లేచి కూడా రాలేదు. “నైట్రోజన్‌కి అంత అక్కర్లేదు మేడం. అంత పెడితే పేలుతుంది. ఇంట్లో మగవాళ్లెవరైనా ఉంటే పంపండి, వాళ్లకి చెప్తాం” అన్నాడు. అక్కడున్న ఒకరిద్దరు నవ్వారు. ఒళ్లు మండిపోయింది. అయినా గొంతు పెంచలేదు. టైరు మీదున్న అంకె గట్టిగా చదివి, “ఇది నేను రాసింది కాదు, టైరు చేసినవాళ్లు వేసింది. దీని ప్రకారం నింపండి” అన్నాను. ఏం జరిగినా తమకి సంబంధం లేదని కాగితం మీద సంతకం అడిగారు. సంతకం పెట్టను, నింపేదాకా కదలను అన్నాను. చివరికి నింపారు. నా దగ్గర గేజ్ లేకపోతే ఆ సామానంతా 35 పాయింట్ల టైర్ల మీద హైవే ఎక్కేది.

కుర్రాడి మీద నాకు కోపం లేదు. నేర్పనివాళ్లదే తప్పు. తెలియకపోతే తెలియదనాలి గానీ, ఎదుటిమనిషిని నలుగురిలో చిన్నబుచ్చి తప్పించుకోవడం ఏం వ్యాపారం?

మర్నాడు పొద్దున చూస్తే అదే ఎడమవైపు టైరులో 58. సబ్బు నీళ్ల నురగ వాల్వు మూతి మీద వేసి కనిపెట్టుకుని కూర్చున్నాను. చిన్న బుడగ మెల్లగా ఉబ్బింది, పగిలింది, మళ్లీ ఉబ్బింది. లీక్ పిన్ను దగ్గరే. షాపులో పీకి మళ్లీ బిగించాక అది ఇంకా పెరిగినట్టుంది. పంక్చర్లు వేసే అతని దగ్గరికి తీసుకెళితే, ఒక్క మాట ఎదురు చెప్పకుండా పిన్ను మార్చి, కంప్రెసర్‌తో మామూలు గాలి 65కి కొట్టి ఇచ్చాడు. అలా మూడు టైర్లు నైట్రోజన్‌తో, ఒకటి గాలితో బయల్దేరాం.

దారిలో ఆగినప్పుడు నాలుగింటికీ గేజ్ పెట్టాను. అన్నిట్లోనూ ఎనిమిది పాయింట్ల దాకా పెరిగింది. ఎండ తగిలే వైపు ఇంకో పాయింట్ ఎక్కువ, అంతే. అంకెలు చూసి గాలి ఉన్న టైరు ఏదో చెప్పడం ఎవరి వల్లా కాదు. (వేడి మీద పెరిగిందని గాలి తీసేయకండి. చల్లారాక తక్కువైపోతుంది.) నైట్రోజన్ వేడికి పెరగదనే మాట ఎవరు చెప్పినా నమ్మకండి. 65 దగ్గరున్న టైరు 10 డిగ్రీల సెల్సియస్ వేడెక్కితే, లోపల ఏ వాయువున్నా దాదాపు రెండున్నర, మూడు పాయింట్లు పెరుగుతుంది. తేడా తెచ్చేది గాలితో పాటు లోపలికి వెళ్లే తేమ. కంప్రెసర్ ట్యాంకులో చేరిన నీళ్లు తీసేస్తూ పొడి గాలి కొడితే ఆ సమస్య కూడా ఉండదు. అసలు మనం పీల్చే గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

గాలి కలిస్తే పాడైపోతుందన్న భయం కూడా ఉత్తదే. 52 నుంచి 65 దాకా మామూలు గాలే కొట్టించినా కొత్తగా చేరే ఆక్సిజన్ మూడున్నర శాతం లోపే. దానికోసం నాలుగు టైర్లు ఖాళీ చేయించారు!

విమానాల టైర్లలో నైట్రోజన్ వాడరా అని కౌంటర్ మనిషి అడిగాడు. వాడతారు. 1986 మార్చి 31న మెక్సికానా అనే విమాన సంస్థ బోయింగ్ 727లో బ్రేకు విపరీతంగా వేడెక్కి, మామూలు గాలి నింపిన టైరు పేలి, 167 మంది పోయారు. పెద్ద విమానాల బ్రేకు చక్రాల టైర్లలో ఆక్సిజన్ 5 శాతం దాటకూడదని అమెరికా నిబంధన ఉంది. అక్కడ భయం మంట గురించి. మన ట్రైలర్ బ్రేకులకి ఆ వేడి ఎక్కడిది?

నైట్రోజన్ మెల్లగా దిగుతుందన్నది మాత్రం నిజం. వస్తువుల్ని పరీక్షించి చెప్పే అమెరికా సంస్థ కన్స్యూమర్ రిపోర్ట్స్ వాళ్లు 31 రకాల టైర్లని 30 పీఎస్‌ఐకి నింపి ఏడాది బయట వదిలేస్తే, గాలి ఉన్నవి సగటున 3.5, నైట్రోజన్ ఉన్నవి 2.2 పాయింట్లు తగ్గాయి. ఏడాదికి 1.3 పాయింట్ల తేడా. వాల్వు పిన్ను లీకైతే ఒక్క రాత్రిలో ఏడు పాయింట్లు పోయాయి నాకు.

ఉచితంగా పెడితే పెట్టించుకోండి, డబ్బు మాత్రం ఇవ్వకండి. ఆ డబ్బుతో 100 దాకా చూపించే మంచి గేజ్, 65 దాకా ఎక్కించగల పంపు కొనండి. 65 కన్నా ఎక్కువ పీడనం కావాల్సిన టైర్లయితే మామూలు రబ్బరు వాల్వులు పనికిరావు, లోహపువి వేయించండి. ట్రైలర్ నిలబెట్టినప్పుడు టైర్లకి ఎండ తగలకుండా కప్పండి. కార్లు తప్ప మరొకటి చూడని షాపుకి ట్రైలర్‌ని అస్సలు తీసుకెళ్లకండి.

స్టెప్నీని కూడా చూసుకోండి. ఆ షాపులో నాలుగు టైర్లు ఖాళీ చేసి నింపినవాళ్లు దాని వంక కూడా చూడలేదు. పంక్చర్ల అతనే గుర్తుచేస్తే చూశాను, 40 ఉంది. దానికీ మామూలు గాలే 65కి కొట్టించాను.