టీడీసీఎస్: తంటా అంతా స్పాంజీల దగ్గరే

మా తమ్ముడికి స్కిజోఫ్రెనియా. మందులతో చెవిలో గొంతులు తగ్గాయి గానీ ఎదుటివాళ్ల ముఖం చూసి మనసులో ఏముందో పసిగట్టడం రాలేదు. అమ్మ మామూలుగా కూర తరుగుతున్నా "కోపమొచ్చిందా?" అని అడుగుతాడు. అందుకే సూర్యారావుపేటలోని ఒక క్లినిక్‌లో టీడీసీఎస్ పెట్టించాం. అంటే తలపై తడి స్పాంజీలు పెట్టి, వాటి గుండా మెదడుకి సన్నటి కరెంటు ఇచ్చే చికిత్స. నిన్ననే కోర్సు ముగిసింది.

సంతకాలు, తలలో లోహం ఉందా, ఫిట్స్ వచ్చాయా అన్న ప్రశ్నలు తేలిగ్గానే అయిపోయాయి. ఫిట్స్‌కి ఇచ్చే కార్బమజిపైన్ అనే మందు వాడుతుంటే మాత్రం ముందే చెప్పండి, కరెంటు ప్రభావాన్ని అది దెబ్బతీస్తుంది.

కరెంటు 2 మిల్లీఆంపియర్లు, 20 నిమిషాలు. ఆనోడ్ (ప్లస్ వైపు స్పాంజి) ఎడమ నుదుటికి పైన ఎఫ్3 అనే గుర్తు దగ్గర, క్యాథోడ్ (మైనస్ వైపుది) కుడి కనుబొమ్మ పైన. మిషన్ మాటిమాటికీ ఆగిపోతుంటే టెక్నీషియన్ పదిమందిలో "ఇలాంటివాళ్లు కుదురుగా కూర్చోరండీ" అనేశాడు. మా తమ్ముడేమో కదలకుండా కూర్చునే ఉన్నాడు! తలనిండా కొబ్బరినూనె, దానివల్లే రెసిస్టెన్స్, అంటే కరెంటుకి అడ్డు, పెరిగి మిషన్ ఆగింది. నూనె రాయకుండా రమ్మని ఒక్కరూ చెప్పలేదు. రోగిని నిందించడం ఎంత సులువో వీళ్లకి!

ముందురోజు షాంపూతో తలంటాలి, కండిషనర్ వద్దు. జుట్టు పాయలు తీసి స్పాంజి చర్మానికే తగిలేలా పెట్టాలి. తడపడానికి కుళాయి నీళ్లు కాదు, మెడికల్ షాపులో దొరికే సెలైన్ వాడాలి. 35 చదరపు సెంటీమీటర్ల స్పాంజికి ఒక్కో వైపు 6 మిల్లీలీటర్లు చాలు. ఎక్కువైతే కారి రెండు స్పాంజీల మధ్య తడి దారి పడుతుంది, కరెంటు పైపైనే పోతుంది. ఆరిపోతే కరెంటంతా ఒకేచోట చేరి చర్మం కాలుతుంది. ఎఫ్3ని వేలితో అంచనా కట్టనివ్వకండి. ముక్కు మొదలు నుంచి తల వెనక బుడిపె వరకు, చెవి నుంచి చెవికి టేపుతో కొలిచి గుర్తుపెట్టమనండి. మొదట కాస్త దురద, తీశాక ఎరుపు మామూలే. మంట ఆగకపోతే వెంటనే ఆపించాలి.

ఇంకోటి, మొదలుపెట్టకముందే ముఖాల పరీక్ష, అంటే ఫోటోలో ముఖం చూసి భావం చెప్పే పరీక్ష, చేయించండి. మేం పట్టుబడితేనే చేశారు, అదీ విదేశీ ఫోటోలతో. భారతీయుల ముఖాలతో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు తయారుచేసిన ట్రెండ్స్ అనే పరీక్ష ఉంది, అది అడగండి. 2015లో వచ్చిన ఒక అధ్యయనంలో ఒక్క సెషన్‌కే భావాల గుర్తింపు మెరుగైంది గానీ, తర్వాత ఆ ఫలితం ప్రతిసారీ రాలేదు. కాబట్టి గ్యారంటీ అని చెప్పేవాళ్లకి డబ్బులు కట్టకండి.

ఇప్పుడు మావాడు ఎదుటివాళ్ల ముఖంలో బాధని బాగానే గుర్తుపడుతున్నాడు. భయం, ఆశ్చర్యం మాత్రం ఇంకా కలిసిపోతున్నాయి. ఇంట్లో రోజూ ఫోటోలు చూపించి కళ్లు, నోరు విడివిడిగా గమనించమంటున్నాం.