క్యాష్‌బ్యాక్‌ని పిల్లల ఫీజుగా మార్చాలంటే

జూన్‌లో స్కూలు ఫీజు కార్డు మీద కట్టేస్తే క్యాష్‌బ్యాక్ బాగా వస్తుందని లెక్కేసుకునేవాళ్లు ముందు ఒక తేదీ గుర్తుపెట్టుకోవాలి: 2023 మే 1. ఎస్‌బీఐ క్యాష్‌బ్యాక్ కార్డు 2022 సెప్టెంబరులో వచ్చినప్పుడు ఆన్‌లైన్‌లో కొన్న వాటి మీద 5 శాతం, షాపులో గీకితే 1 శాతం ఇచ్చేది. నెలకు 10,000 రూపాయల దాకా వచ్చేది. ఎనిమిది నెలలు తిరిగేసరికే ఆ పరిమితిని 5,000కి తగ్గించారు. అదే రోజు నుంచి స్కూళ్లు, విద్యాసేవలు, కరెంటు వంటి యుటిలిటీ బిల్లులు, ఇన్సూరెన్స్, నగలు, రైల్వే టికెట్ల మీద క్యాష్‌బ్యాక్ తీసేశారు. మిగతా బ్యాంకులు కూడా ఇటువైపే వస్తున్నాయి. కాబట్టి పిల్లల చదువుకి కార్డుతో డబ్బు కూడబెట్టాలంటే అది ఫీజులోంచి రాదు. ఉప్పూపప్పుల్లోంచి, బట్టల్లోంచి, లాప్‌టాప్‌లోంచి రావాలి. వచ్చింది వచ్చినట్టు పక్కన పెట్టాలి.

బ్యాంకుకి మీరు కట్టింది ఫీజు అని ఎలా తెలుస్తుంది? ప్రతి వ్యాపారికీ నాలుగంకెల మర్చంట్ కోడ్ ఉంటుంది. స్కూళ్లకి 8211, కాలేజీలు యూనివర్సిటీలకి 8220, ఇతర విద్యాసేవలకి 8299. ఈ కోడ్ కింద గీకితే రివార్డు ఇవ్వాలా వద్దా అనేది బ్యాంకు సిస్టమే తేల్చేస్తుంది, కస్టమర్ కేర్‌తో వాదించి లాభం లేదు. పుస్తకాల షాపుది వేరే కోడ్, 5942. అందుకే ఒకే స్కూల్లో టర్మ్ ఫీజుకి సున్నా వచ్చి, పుస్తకాలు యూనిఫాం అమ్మే విడి కౌంటర్‌లో గీకినదానికి క్యాష్‌బ్యాక్ పడవచ్చు. అనుమానంగా ఉంటే అప్లికేషన్ ఫారం లాంటి చిన్న మొత్తం ముందు కార్డుతో కట్టి, వచ్చే స్టేట్‌మెంట్‌లో ఏం పడిందో చూడండి. పెద్ద మొత్తం సంగతి ఆ తర్వాత తేల్చుకోవచ్చు.

ఫీజు కార్డుతో కడితే రాకపోగా పోయేది కూడా ఉంది. థర్డ్ పార్టీ యాప్‌ల ద్వారా విద్యా చెల్లింపులు చేస్తే 1 శాతం ఛార్జీని హెచ్‌డీఎఫ్‌సీ బ్యాంకు 2024 ఆగస్టు 1 నుంచి, ఐసీఐసీఐ బ్యాంకు 2024 నవంబరు 15 నుంచి, ఎస్‌బీఐ కార్డు 2025 నవంబరు 1 నుంచి వేస్తున్నాయి. దాని మీద 18 శాతం జీఎస్టీ. 1,20,000 ఇంటర్ ఫీజుని అలాంటి యాప్‌లో కడితే 1,200, జీఎస్టీ 216, మొత్తం 1,416 రూపాయలు బ్యాంకుకే పోతాయి. యాప్ వాడి ఫీజు దీనికి అదనం. కాలేజీ సొంత వెబ్‌సైట్‌లోనో, కౌంటర్‌లోని స్వైపింగ్ మెషీన్ మీదనో కడితే బ్యాంకు ఈ 1 శాతం వేయదు. అయితే అక్కడ కాలేజీ పేమెంట్ గేట్‌వే (చెల్లింపు నడిపే సంస్థ) వేసే కన్వీనియన్స్ ఫీజు ఉండవచ్చు. అది 1.5 శాతం అనుకుంటే జీఎస్టీతో కలిపి 2,124 రూపాయలు.

కార్డుతో కడితే నలభై అయిదు రోజులు గడువు దొరుకుతుంది కదా అనే మాట తరచూ వినిపిస్తుంది. ఆ గడువు విలువ ఎంతో లెక్కేద్దాం. 1,20,000 రూపాయలు సేవింగ్స్ ఖాతాలో 3 శాతం వడ్డీకి 45 రోజులు ఉంటే వచ్చేది సుమారు 444 రూపాయలు. దానికోసం 2,124 కట్టడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. విద్యాసంస్థలకి యూపీఐ పరిమితిని 2023 డిసెంబరులో రిజర్వ్ బ్యాంకు ఒక్కో లావాదేవీకి 5 లక్షలకు పెంచింది. చాలా కాలేజీలకి అది సరిపోతుంది. ఫీజు యూపీఐతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో కట్టండి, రసీదు దాచుకోండి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు మీద మినహాయింపుకి ఆ రసీదే ఆధారం.

ఇంటర్, ఇంజినీరింగ్ అడ్మిషన్ల సీజన్‌లో ఇంకో చిక్కు కూడా ఉంది. మొదటి విడత కౌన్సెలింగ్‌లో ఒక కాలేజీలో ఫీజు కట్టి, రెండో విడతలో మంచి సీటు వచ్చి మారిపోయేవాళ్లు చాలామంది. కార్డుతో కట్టిన డబ్బు మామూలుగా అదే కార్డుకి తిరిగొస్తుంది. కన్వీనియన్స్ ఫీజు మాత్రం రాదనే అనుకోండి. ఈలోగా బిల్లు కట్టేసి ఉంటే ఆ లక్షా కార్డులో క్రెడిట్ బ్యాలెన్స్‌గా కూర్చుంటుంది. కొత్త కాలేజీకి కట్టాల్సిన రోజున అది చేతిలో ఉండదు. బ్యాంకుకి రాసి సేవింగ్స్ ఖాతాకి పంపమని అడిగితే పంపుతారు, కానీ ఆ రెండు మూడు రోజులు మీకు రెండేళ్లలా గడుస్తాయి.

ఇక వచ్చే డబ్బు సంగతి. ఒక మధ్యతరగతి ఇల్లు, క్యాష్‌బ్యాక్‌కి అర్హమైన ఖర్చు నెలకు 20,000 అనుకుందాం. అందులో ఆన్‌లైన్‌లో 12,000, దాని మీద 5 శాతం అంటే 600. సూపర్ మార్కెట్లు, మందుల షాపుల్లో గీకేది 8,000, దాని మీద 1 శాతం అంటే 80. మొత్తం 680. ఏడాదికి 8,160. ఈ రకం కార్డుకి వార్షిక రుసుము 999, జీఎస్టీతో 1,179. ఏడాది ఖర్చు 2 లక్షలు దాటితే మాఫీ. ఈ ఇంటికి 2,40,000 అవుతుంది కాబట్టి మాఫీ అవుతుంది. ఆన్‌లైన్‌లో నెలకు 6,000 తప్ప కార్డు మీద వేరే ఖర్చు లేని ఇంటికి వచ్చేది ఏడాదికి 3,600, రుసుము పోను 2,421. అలాంటివాళ్లు రుసుము లేని జీవితకాల ఉచిత కార్డు తీసుకోవడం మేలు, శాతం కొంచెం తక్కువైనా సరే. కార్డు నిబంధనలు ఏడాదికోసారైనా మారుతున్నాయి. మీ కార్డు ఏది ఇస్తోంది, ఏది ఇవ్వదు అన్న పేజీని బ్యాంకు వెబ్‌సైట్‌లో ప్రతి ఏప్రిల్‌లో ఒకసారి చదవండి.

ఇప్పుడు అసలు కిటుకు. స్టేట్‌మెంట్ తెరిచి చూడండి. కిరాణా, చెప్పులు, మిక్సీ జార్ల వరుసల మధ్య ఎక్కడో ‘క్యాష్‌బ్యాక్’ అని ఒక వరుస, 680.00, పక్కన ‘సీఆర్’ (క్రెడిట్, అంటే జమ) అని రెండక్షరాలు ఉంటాయి. 20,340 రావాల్సిన బిల్లు 19,660 అయింది. మీరు 19,660 కట్టారు. మరి ఆ 680 ఎక్కడుంది? మీ సేవింగ్స్ ఖాతాలోనే ఉంది, ఖర్చు కాకుండా మిగిలిన డబ్బుగా, పేరు లేకుండా. వారం తిరిగేసరికి పెట్రోల్లోనో బిర్యానీలోనో కలిసిపోతుంది. ఏళ్ల తరబడి క్యాష్‌బ్యాక్ కార్డు వాడుతూ కూడా పిల్లల పేరు మీద ఒక్క రూపాయి కనపడని ఇళ్లలో జరిగేది ఇదే. కార్డు డబ్బు ఇచ్చింది, మీరు దాన్ని పక్కకు తీయలేదు.

బిల్లు కట్టిన రోజే, అదే కూర్చున్న చోట, ఆ ‘సీఆర్’ వరుసలో ఉన్న అంకె చూసి అంత మొత్తాన్ని సేవింగ్స్ ఖాతా నుంచి పిల్లల ఖాతాకి పంపాలి. పాప పదేళ్లలోపుదైతే సుకన్య సమృద్ధి (ఆడపిల్లల కోసం ప్రభుత్వ పొదుపు పథకం) ఖాతాకి. ఏడాదికి కనీసం 250, గరిష్ఠం లక్షన్నర. మధ్యలో వేసేవి 50 గుణిజాల్లో ఉండాలి కాబట్టి 680ని 700 చేయండి. ఖాతా పోస్టాఫీసులో ఉంటే ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు యాప్‌లోంచి, బ్యాంకులో ఉంటే నెట్ బ్యాంకింగ్‌లోంచి నిమిషంలో వేసేయవచ్చు. తేదీ చూసుకోండి. సుకన్యలోనూ పీపీఎఫ్ (పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్)లోనూ నెల వడ్డీని 5వ తేదీ తర్వాత నుంచి నెలాఖరు దాకా ఉన్న అతి తక్కువ నిల్వ మీద లెక్కిస్తారు. 6న వేస్తే ఆ నెల వడ్డీ పోయినట్టే. బిల్లు గడువు 12నో 18నో ఉంటే, బిల్లింగ్ తేదీ మార్చమని బ్యాంకుని అడిగే వీలుంది. స్టేట్‌మెంట్ 12–14 తేదీల్లో వచ్చేలా పెట్టుకుంటే గడువు నెల మొదట్లో పడుతుంది, జీతం వచ్చిన వెంటనే బిల్లూ పాప ఖాతా రెండూ ఒకే రోజు తేలిపోతాయి.

నెలకు 700 చొప్పున 5వ తేదీలోపు వేస్తూ, 2024 జనవరి నుంచి ఉన్న 8.2 శాతం రేటే కొనసాగుతుందనుకుంటే, పదిహేనేళ్లకి సుమారు 2,42,000 అవుతుంది. అందులో మీరు వేసింది 1,26,000. రేటుని ప్రభుత్వం మూడు నెలలకోసారి ప్రకటిస్తుంది, కాబట్టి ఇది అంచనా మాత్రమే. ఇంజినీరింగ్ నాలుగేళ్ల ఫీజు మొత్తం దీంతో గడవదు. కానీ వేన్నీళ్లకు చన్నీళ్లు తోడు. అందులో చదువు కోసం తీయగలిగే సగంతో విద్యారుణం లక్షకు పైగా తగ్గిందంటే మీ పిల్ల మొదటి ఉద్యోగంలో కట్టే కిస్తీ ఎంత తగ్గుతుందో ఆలోచించండి.

బాబుకైతే పీపీఎఫ్, 7.1 శాతం. కానీ తొమ్మిదో తరగతిలో ఉన్న పిల్లలకి పదిహేనేళ్ల పథకాలతో పనిలేదు. ఇంటర్‌లో చేరే జూన్ నాటికి గడువు తీరేలా బ్యాంకులో నెలనెలా కట్టే రికరింగ్ డిపాజిట్ (ఆర్డీ) పెట్టండి. క్యాష్‌బ్యాక్ నెలనెలా మారుతుంది, ఆర్డీకి స్థిరమైన మొత్తం కావాలి. అందుకని గత ఆరు నెలల్లో అతి తక్కువ వచ్చిన నెలని చూసి ఆ అంకెకే ఆర్డీ పెట్టండి.

కొన్ని కార్డుల క్యాష్‌బ్యాక్ బిల్లులో తగ్గదు. అమెజాన్ పే ఐసీఐసీఐ కార్డుది అమెజాన్ పే బ్యాలెన్స్‌గా వస్తుంది. దాన్ని బ్యాంకుకి తెచ్చుకోలేరు. అలాంటప్పుడు ఆ బ్యాలెన్స్‌తో ఎలాగూ కొనాల్సిన కందిపప్పో నోటుబుక్కులో కొని, అంత మొత్తాన్ని ఖాతాలోంచి పాప పేరు మీదకి పంపాలి. బ్యాలెన్స్ ఉంది కదా అని ఇంకేదో కొంటే లెక్క పోయినట్టే.

కాలేజీలో చేరేటప్పుడు కొనే లాప్‌టాప్ మంచి అవకాశం. 55,000 పెట్టి ఆన్‌లైన్‌లో కొంటే 5 శాతం చొప్పున 2,750. కానీ ‘నో కాస్ట్ ఈఎంఐ’ నొక్కారంటే చాలా కార్డుల్లో క్యాష్‌బ్యాక్ పోతుంది, పైగా వడ్డీ భాగం మీద జీఎస్టీ పడుతుంది. ఒకేసారి కట్టే డబ్బు చేతిలో ఉన్నప్పుడే కొనండి. వస్తువు వెనక్కి ఇస్తే వచ్చిన క్యాష్‌బ్యాక్‌ని తర్వాతి బిల్లులో లాగేసుకుంటారు. అందుకని రిటర్న్ గడువు దాటాకే ఆ మొత్తాన్ని పాప ఖాతాకి పంపండి.

వీటన్నిటినీ ఒక్క దెబ్బతో తుడిచిపెట్టేది మినిమమ్ డ్యూ. 20,000 బిల్లుకి కనీస మొత్తం 1,000 కట్టి 19,000 వదిలేశారనుకోండి. నెలకు 3.75 శాతం వడ్డీ అంటే 712, జీఎస్టీ 128, కలిపి 840. ఆ నెల మీకు వచ్చిన క్యాష్‌బ్యాక్ 680. పైగా వడ్డీని గడువు తేదీ నుంచి కాదు, కొన్న తేదీ నుంచి లెక్కిస్తారు. పాత బాకీ తీరేదాకా కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని రోజులు ఉండవు. ఆటో డెబిట్ పెట్టేటప్పుడు ‘టోటల్ అమౌంట్ డ్యూ’ ఎంచుకున్నారో లేదో ఇంకోసారి చూడండి, చాలామంది పొరపాటున మినిమమ్ మీద వదిలేస్తారు. ఇప్పటికే కార్డు మీద బాకీ ఉన్నవాళ్లు ఈ పొదుపు ఆలోచన పక్కన పెట్టి ముందు ఆ బాకీ తీర్చాలి. పాప పేరు మీద 8.2 శాతం సంపాదిస్తూ కార్డుకి ఏడాదికి 45 శాతం కట్టకూడదు.

చుట్టాల కొనుగోళ్లు కూడా మన కార్డు మీద వేసి క్యాష్‌బ్యాక్ పెంచుకోవాలనే ఆలోచన వద్దు. ఏడాదిలో కార్డు బిల్లుల కింద 10 లక్షలు దాటి కడితే బ్యాంకు ఆదాయపన్ను శాఖకి తెలియజేస్తుంది. బావమరిది డబ్బు సమయానికి ఇవ్వకపోతే వడ్డీ మీది, సిబిల్ స్కోరు మీది.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి దారి ఇంకా సూటిగా ఉంది. ఫిడెలిటీ రివార్డ్స్ వీసా కార్డు మీద వచ్చే 2 శాతాన్ని ఫిడెలిటీ నడిపే 529 ఖాతాలోకే (చదువు కోసం దాచుకునే ఖాతా) నేరుగా వేయించుకోవచ్చు, మధ్యలో చేయి పెట్టే పనిలేదు. ఒక్క జాగ్రత్త. పిల్లల్ని మెడిసిన్‌కి ఇండియా పంపాలనుకునేవాళ్లు ఆ కాలేజీ అమెరికా ఫెడరల్ విద్యాసాయం జాబితాలో ఉందో లేదో చూడాలి. మన కాలేజీలు చాలావరకు అందులో లేవు. అలాంటి చోటికి డబ్బు తీస్తే లాభం మీద పన్నుతో పాటు 10 శాతం జరిమానా ఉంటుంది.

ఇక సుకన్యలోంచి డబ్బు తీసే రోజు. పాపకి 18 నిండాకగానీ పదో తరగతి పాసయ్యాకగానీ, అంతకుముందు ఆర్థిక సంవత్సరం చివర ఉన్న నిల్వలో సగం దాకా చదువు కోసం తీయవచ్చు. ఒకేసారి తీయవచ్చు, లేదా ఏడాదికొకసారి చొప్పున అయిదేళ్లు తీయవచ్చు. అడ్మిషన్ లెటరో కాలేజీ ఇచ్చిన ఫీజు స్లిప్పో జతచేయాలి, అందులో ఉన్న ఫీజు కంటే ఎక్కువ ఇవ్వరు. కాగితాల పని కాబట్టి ఫీజు గడువుకి కనీసం రెండు మూడు వారాల ముందే పోస్టాఫీసుకి వెళ్లండి. ఫీజు స్లిప్ మీద పాప పేరు ఖాతా పుస్తకంలో ఉన్నట్టే, ఇంటిపేరుతో సహా, ఉందో లేదో కౌంటర్ దగ్గరికి వెళ్లకముందే సరిచూసుకోండి.