సైకిలుకే ఎందుకింత భయం?

కడపలో నేను సైకిలు మీద ఆఫీసుకు పోతుంటే ఇంట్లో అందరికీ టెన్షన్. "ఆ లారీల మధ్య ఎందుకు నాయనా, బండి తీసుకుపో" అంటుంది అమ్మ. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 44 శాతానికి పైగా టూవీలర్ల మీద వెళ్లినవాళ్లే, సైకిలు వాళ్లు 3 శాతం దాకా. సైకిళ్లు తక్కువ కాబట్టి ఈ ఒక్క లెక్కతో సైకిలే క్షేమమని తేల్చలేం, నిజమే. కానీ హెల్మెట్ లేకుండా ఒకే బండి మీద ముగ్గురెక్కి కోటిరెడ్డి సర్కిల్ దాటే పిల్లలను చూసి ఎవరూ భయపడటం లేదు, అదే నాకు బాధ. రోజంతా కుర్చీలో కూర్చుంటే వచ్చే బీపీ, షుగర్ నెమ్మదిగా వస్తాయి కాబట్టి వాటికీ భయపడం. సెవెన్ రోడ్స్ దగ్గర మాత్రం నాకూ గుండె దడే. రద్దీ ఉంటే దిగి, సైకిలు నడిపించుకుంటూ దాటుతాను. వెనక ఎర్ర లైటు కూడా పెట్టించాను.