నడుముకు అమరిన బకెట్ సీటు

ఈరోజు సెలవు కావడంతో కారు బకెట్ సీటు (ఒంటిని పక్కల నుంచి పట్టి ఉంచే లోతైన సీటు) పని పెట్టుకున్నాను. ఒకే ముక్కగా ఉండే ఫైబర్‌గ్లాస్ షెల్, అంటే గుల్ల, కనుక వీపు వాల్చడానికి మీటలేవీ ఉండవు. కొలత కుదరకపోతే సీటునే సవరించుకోవాలి. నాకు తుంటి దగ్గర బిగుతుగానూ, నడుము వెనుక పిడికిలి దూరేంత ఖాళీగానూ ఉంది.

పక్క అంచులను కోసేయమని తమ్ముడు సలహా ఇచ్చాడు, నేను ఒప్పుకోలేదు. మలుపుల్లోనూ, ప్రమాదంలోనూ దేహం పక్కకు జారకుండా ఆపేవి ఆ అంచులే. గాజుపీచు పొరలను అక్కడ తెంపితే షెల్ బలమే తగ్గుతుంది. అంతర్జాతీయ మోటారు పోటీల సంస్థ ఎఫ్ఐఏ వారి 8855-1999 ప్రమాణ ముద్ర ఉన్న సీటు షెల్‌ను కోస్తే పోటీల తనిఖీలో అది చెల్లదు కూడా. నా సీటుకు ఆ ముద్ర లేదు గానీ, నా ఎముకలకు ఆ తేడా తెలియదు కదా! అందుకని కవరు విప్పి, పక్కల ఉన్న మందపాటి స్పాంజిని ఊడదీసి, పల్చగా, గట్టిగా ఉండే ఫోమ్‌ను అతికించాను. మెత్తని స్పాంజి కూర్చోగానే హాయిగా అనిపిస్తుంది గానీ, గుద్దుకున్నప్పుడు అణిగిపోయి బెల్టును వదులు చేస్తుంది. లోపల గడ్డకట్టిన రెజిన్ (గాజుపీచును పట్టి ఉంచే జిగురు) బొడిపెను మాస్కు, నిండు చేతుల చొక్కా వేసుకుని, తడిపిన వాటర్ పేపరుతో అరగదీశాను. పొడిగా రుద్దితే గాజు నలుసులు గాలిలోకి లేస్తాయి.

నడుము ఖాళీకి రెండు ద్రవాలు కలిపితే పొంగే పాలియురెథేన్ ఫోమ్ వాడాను. తలుపులన్నీ తెరిచి, చేతి తొడుగులు వేసుకుని, దాన్ని మందపాటి ప్లాస్టిక్ సంచిలో పోసి, సంచిని వీపు వెనుక పెట్టుకుని, స్టీరింగ్ మీద చేతులుంచి కదలకుండా కూర్చున్నాను. ఫోమ్ వేడెక్కుతూ ఉబ్బి, గట్టిపడేటప్పుడు మనం ఎలా కూర్చుంటే అలాగే అచ్చు పడుతుంది. సరిగ్గా అప్పుడే నన్ను నవ్వించాలని తమ్ముడు చేయని ప్రయత్నం లేదు.

వీపు కాస్త ముందుకు వచ్చినందువల్ల మిగతావన్నీ మళ్లీ చూసుకోవలసి వచ్చింది. భుజాలు సీటుకు ఆనించి చేయి చాస్తే మణికట్టు స్టీరింగ్ పైఅంచుకు అందాలి, క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొద్దిగా వంగే ఉండాలి. ఇందుకోసం సీటును బిగించే బ్రాకెట్‌ను ఒక రంధ్రం వెనక్కి జరిపాను. భుజాల బెల్టులు దాదాపు నేలకు సమాంతరంగా వెనక్కి వెళ్తున్నాయి, నడుము బెల్టు పొట్ట మీద కాక కటి ఎముక మీదే కూర్చుంటోంది. బోల్టుల చుట్టూ టార్చి వేసి చూస్తే పగుళ్లేమీ కనిపించలేదు, అయినా చిన్న వాషర్ల స్థానంలో వెడల్పాటివి వేశాను. పొంగి బయటికి వచ్చిన ఫోమ్‌ను కోసి కవరు కుట్టడం రేపటికి మిగిలింది.