బడి కుంట: మూడో షీటూ నీళ్ళు ఆపలేదు

కుంటలో పరిచిన షీటు కన్నానికి ప్యాచ్ వేశాక నాలుగు రోజులు బుద్ధిగానే ఉంది. ఐదో రోజు పొద్దున ఆరింటికి కుంటలోని స్కేలు చూస్తే నీళ్ళు ఒక్క రాత్రిలో 19 మిల్లీమీటర్లు దిగాయి. అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. వంట చేసే ఆమె గిన్నెలు తోముతూ నా వంక చూసి, "ఏందన్నాయ్, బోరింగు కొట్టీ కొట్టీ మా చేతులు పడిపోతుంటే నీ కప్పలకు రోజూ పది బిందెలా?" అంది. నా దగ్గర సమాధానం లేదు. సాగర్ కాలువకు నీళ్ళు ఆపేశారు. ఇప్పుడు కుంటలో పోసే ప్రతి చుక్కా ఆ బోరింగుదే.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. మాది పల్నాడులో రేగడి నేలల ఊరు. నేను చదువుకున్న ప్రాథమిక పాఠశాల వెనక ముళ్ళకంపతో నిండిపోయిన ఆరు సెంట్ల జాగా ఉంటే, దాన్ని బాగుచేసి చెట్లూ సీతాకోకచిలుకలూ ఉండే చోటుగా మారుస్తున్నాం. ఎరువుల కొట్టు తెరిచేలోపు నాకు దొరికే రెండు గంటలూ దీనికే. బడి చరిత్ర రాయడం ఇంకో పిచ్చి. ఈ రెండు పిచ్చులూ ఒకదానికొకటి తగులుకుంటాయని మాత్రం అనుకోలేదు.

కుంట పదడుగుల పొడవు, ఆరున్నర అడుగుల వెడల్పు, రెండడుగుల లోతు. పిల్లల బడి కాబట్టి అంతకంటే లోతు వద్దనుకున్నాం, చుట్టూ మెష్ ఉంది. మొదటిసారి రేగడి మట్టినే గేదెతో తొక్కించాం. చెరువు కట్టలకు పనికొచ్చిన పద్ధతి మనకెందుకు పనికిరాదని నా ధీమా. మార్చి ఎండకు నీళ్ళు ఒక్క జానెడు తగ్గగానే, పైకి తేలిన అంచంతా బొటనవేలు పట్టేంత బీటలిచ్చింది. ఆ కథ పోయినసారే చెప్పా. రెండోసారి సిల్పాలిన్. ధాన్యం కప్పుకోవడానికి అంతకు మించింది లేదు, కుంటకు మాత్రం అది వేయాల్సింది కాదు, తప్పు నాదే. మూడోసారి సేద్యపు కుంటల్లో పరిచే 500 మైక్రాన్ల నల్ల షీటు తెచ్చా. దాని కింద మెత్తగా ఉండాలని పాత ఎన్నికల ఫ్లెక్సీలు రెండు వరసలు. అన్ని పార్టీల నాయకులూ ఇప్పుడు మా కుంట అడుగున కలిసే ఉన్నారు.

ఇక లెక్కలు. ఇటుకకు స్టీలు స్కేలును ఎం-సీల్‌తో అతికించి అడుగున పెట్టాను (ఎం-సీల్ మీద నాకున్న నమ్మకం ఇంట్లో ఎవరి మీదా లేదు). ఏప్రిల్ 1న 54.0 సెంటీమీటర్ల దగ్గర బోరింగు ఆపాం. తర్వాత రోజూ పొద్దున ఆరింటికి: 50.8, 47.9, 45.3, 43.1, 41.4, 40.2, 39.4. అంటే మొదటిరోజు 32 మిల్లీమీటర్లు, ఆ తర్వాత 29, 26, 22, 17, 12, 8. పక్కనే అదే నీటిలో మూడొంతులు ముంచి పెట్టిన బకెట్‌లో రోజుకు 7 మాత్రమే తగ్గింది. అది ఎండ ఖాతా. మిగతాదంతా కారడమే. ఈ కుంటలో ఒక మిల్లీమీటరు అంటే దాదాపు ఆరు లీటర్లు. మొదటిరోజు 25 మిల్లీమీటర్లు కారిందంటే 150 లీటర్లు. ఆమె చెప్పిన పది బిందెలు అచ్చంగా సరిపోయాయి, కొలతలేమీ లేకుండానే!

ఎనిమిదో రోజు నుంచి కుంటా బకెట్టూ ఒకే లెక్కన, రోజుకు ఏడేసి తగ్గాయి. అంటే కన్నం అడుగున లేదు. అడుగు నుంచి 39, 40 సెంటీమీటర్ల ఎత్తులో, పక్క గోడకు ఉంది. ఇది తేలాక ఎంత సంతోషపడ్డానంటే, ఆ రోజు కొట్టు అరగంట ఆలస్యంగా తీశాను.

ముందు గోనెసంచులను అనుమానించాను. షీటు కనబడకుండా అంచు మీద గోనెలు పరిచి మట్టి కప్పాం. గోనె ఒక కొస నీటిలో, ఇంకో కొస ఎండు మట్టిలో ఉంటే దీపం వత్తి నూనె లాగినట్టు నీటిని బయటికి లాగుతుంది. గోనెలన్నీ పైకి మడిచి మళ్ళీ నింపి ఒకరోజు కొలిచా. తేడా 3 మిల్లీమీటర్లు. దొంగే గానీ చిల్లర దొంగ.

తర్వాత పసుపు. గాలి లేని వేళ, పిల్లలు రాకముందు, సూది తీసేసిన సిరంజీతో పసుపు నీళ్ళు గోడ వెంబడి జానెడుకొక చుక్క వదిలాను. మూడు వైపులా పసుపు ఎక్కడిదక్కడే మబ్బులా నిలబడింది. పడమటి గోడ దగ్గర సన్నటి తోకలా సాగి లోపలికి పోయింది. అక్కడ నీళ్ళు తోడి చూస్తే 39.5 ఎత్తులో ఒకదాని పక్కన ఒకటి మూడు గాట్లు, ఒక్కోటి ఆరేడు మిల్లీమీటర్లు. తుడిచి, ఆరబెట్టి, అదే షీటు ముక్కను రెండు వైపులా టేపుతో అతికించాను. మళ్ళీ నింపాను. నాలుగు రోజుల శాంతి, ఐదో రోజు ఆ 19. ఈసారి పసుపు తోక ప్యాచ్‌కు జానెడు ఉత్తరాన, 43 దగ్గర కొత్త కన్నంలోకి పోయింది. గోడ మాత్రం అదే పడమటి గోడ.

పందికొక్కే అన్నారు అందరూ. మధ్యాహ్న భోజనం బియ్యం ఉన్న బడిలో పందికొక్కు లేదంటే నమ్మేదెవరు? వంటగది వెనక బొక్క ఉంది, అక్కడి నుంచి కుంటకు పద్నాలుగు అడుగులు. మూడు గాట్లు వరసగా ఉండటం చూస్తే పళ్ళ గుర్తులే అనిపిస్తుంది. కానీ రెండో కన్నం అలా లేదు. అంచులు సాగి తెల్లగా పాలిపోయి ఉన్నాయి. కొరికితే తెగుతుంది, సాగదు కదా. పైగా రోజుకు 150 లీటర్లు పోతుంటే పక్కన నేల తడవాలి. ఎక్కడా చెమ్మ లేదు. రేగడి బీటల్లోకి పోయిందనుకున్నా, తడిసిన రేగడి ఉబ్బి ఆ బీటలు మూసుకోవాలి. అవీ మూసుకోలేదు.

చివరికి గునపం పట్టుకున్నాను. తూర్పు అంచున బలమంతా పెట్టి పొడిచినా ఎనిమిది అంగుళాలకు మించి దిగలేదు. దక్షిణాన తొమ్మిది. పడమట మూడున్నర అడుగులు సర్రున దిగింది, ఇంకా దిగేదే, గునపం అయిపోయింది. బయటికి లాగితే మొనకు ఇటుక పొడి, సున్నం. తాపీమేస్త్రి మట్టం చూసే నీటి గొట్టం పట్టి చూస్తే తూర్పు అంచు వేసిన చోటే ఉంది, పడమటి అంచు మూడు వారాల్లో 31 మిల్లీమీటర్లు కుంగింది. షీటును పందికొక్కు కొరికినా కొరకకపోయినా, కింద నేల మాత్రం లాగుతోంది.

అప్పుడు గుర్తొచ్చింది తనిఖీ పుస్తకం.

బీరువాలో దొరికిన పాత పుస్తకాలను మూడు నెలలుగా చదువుతున్నాను. గోడ మీద ఆయిల్ పెయింటుతో "స్థాపితం 1961" అని ఉంటుంది. అది శుద్ధ తప్పు. చేతికందిన వాటిలో పాత అడ్మిషన్ రిజిస్టరు మీద గుంటూరు జిల్లా బోర్డు ముద్ర ఉంది. 1959 నవంబరు 1న జిల్లా పరిషత్తులు, పంచాయతీ సమితులు వచ్చాక ఆ బోర్డు ముద్ర వేసేవాళ్ళే లేరు. అదీ మొదటి సంపుటం కాదు. 1951 జూన్‌లో మొదలై మొదటి నంబరే 412. ఏడాదికి పాతికమంది చేరారనుకుంటే ముందున్న 411 మందికి పదహారేళ్ళు పట్టి ఉంటుంది, బడి 1935 దరిదాపుల్లోది అవుతుంది. ఇది నా లెక్క మాత్రమే. తాలూకా బోర్డులు 1934లో రద్దయ్యాయి కాబట్టి, ఆ ముద్ర ఉన్న కాగితం ఒక్కటి దొరికినా బడి ఇంకా వెనక్కి పోతుంది. (పుట్టినతేదీలు మాత్రం నమ్మకండి. సగంమంది జూలై 1నే పుట్టారు.)

తనిఖీ పుస్తకంలో రెండు మాటలు ముందే రాసుకున్నా, పట్టించుకోలేదు. ఒకచోట "తోటపని సంతృప్తికరము". 1937 వార్ధా సభ తర్వాత గాంధీగారి బేసిక్ విద్యతో రాట్నమూ తోటపనీ బడుల్లోకి వచ్చాయి, మా బడికీ ఆ గాలి సోకినట్టుంది. చాలా పేజీల తర్వాత ఇంకొకచోట "తోటలోని బావి నిరుపయోగముగా నున్నది. పూడ్పించవలెను". తేదీ ఉన్న మూల చెదలు తినేశాయి. కానీ ముద్ర పంచాయతీ సమితిది, కాబట్టి 1959 తర్వాత, 1986 చట్టంతో మండల పరిషత్తులు రాకముందు. బోరింగు పడ్డాక బావి అక్కర్లేకపోయి ఉంటుంది. ఎవరో ఇటుక ముక్కలూ పాత గోడ సున్నమూ పోసి పైన రెండడుగుల మట్టి కప్పేశారు. నేను పోయి సరిగ్గా దాని నెత్తిన కుంట తవ్వాను!

నమ్మకం చాలక మా వీధి మామ్మగారిని అడిగాను. ఆమె అక్కడ నాలుగో తరగతి దాకా చదివింది. "బావి లేకపోవడమేంట్రా అబ్బాయ్, ఆ గట్టు మీద కూర్చోబెట్టే మేష్టారు మాకు ఎక్కాలు చెప్పింది. వేపచెట్టుకు ఇవతల" అంది. వేపచెట్టు ఇప్పుడు లేదు. ఇవతల అంటే ఎటో ఆమె మంచం మీద నుంచి చూపించలేకపోయింది.

మిగతా కబుర్లు చిన్నవే. కరివేపాకు మీద సీతాకోకచిలుక గొంగళ్ళు తొమ్మిది. కలువ ఒకటి పూసింది. తూనీగలు వస్తున్నాయి. దోమలకు గంబూసియా చేపలు వేయమని ఒకరు తెచ్చిచ్చారు, వద్దన్నాను. అవి తోకకప్పలను కూడా వదలవు. కాలువ వదిలాక పరిగె పిల్లలను తెచ్చుకుంటాం.

ఇప్పుడేం చేయాలి? సిమెంటు తొట్టి కట్టెయ్ అంటున్నారు. రేగడిలో, అదీ సగం పూడిక మీద సిమెంటా? ఇళ్ళ గోడలే నిలవడం లేదు. పూడిక ఆరడుగుల దాకా తీసి తడిపి దిమ్మిస కొట్టడం ఒక దారి. కానీ బడిలో లోతు గొయ్యి అంటే నాకే టెన్షన్, సెలవుల్లో తప్ప కుదరదు. నా మనసు ఇంకోవైపు లాగుతోంది. కుంటను ఎనిమిదడుగులు తూర్పుకు జరిపి, బావి ఉన్న చోటును ఇంకుడుగుంతగా వదిలేస్తే? రోజుకు 150 లీటర్లు చప్పుడు లేకుండా మింగిన నేల వానాకాలంలో డాబా మీద నీళ్ళు కూడా మింగుతుంది. ఆ నీళ్ళు బోరింగుకు చేరితే వంటామె కోపమూ కాస్త తగ్గొచ్చు.

ముందు తూర్పువైపు అడుగుకొక పోటు చొప్పున గునపంతో చూడాలి, ఇంకో బావి ఉండి చావకుండా. షీటు విప్పేటప్పుడు ఆ మూడు గాట్లున్న ముక్క కోసి దాచుకుంటా, పందికొక్కు సంగతి ఇంకా తేలలేదు. శనివారం మామ్మగారిని ఆటోలో బడికి తీసుకొస్తున్నాను. ఆమె ఎక్కడ నిలబడి ఇక్కడే అంటే అక్కడ సున్నంతో గీత గీస్తాను.