పైపుతో తిరిగిన రోజులు: నా ప్రోస్టేట్ ఆపరేషన్ అనుభవం

శ్రీకాకుళం జిల్లాలో మా కవిటి వైపు క్రియాటినిన్ అంటే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే రక్తపరీక్ష అంకె అని బడి పిల్లలకి కూడా తెలుసు. సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు దాకా ఉద్దానం అనే మా ప్రాంతంలో ఇంతమందికి కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇంతవరకు ఎవరూ తేల్చలేదు. అందుకే నాకు ఒంటేలుకి వెళ్తే చుక్క రాక, పరీక్షలో క్రియాటినిన్ 2.8 అని తేలేసరికి వీధి వీధంతా ఒకటే అనుకుంది. ‘మాస్టారికీ వచ్చీసిందట’ అని. మామూలుగా అది 1.3 లోపే ఉండాలి మరి.

శ్రీకాకుళంలో యూరాలజీ డాక్టరు గారు స్కానింగ్ చూసి వేరే మాట చెప్పారు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగి మూత్రనాళాన్ని నొక్కేసింది. తూము మూసుకుంటే చెరువు నిండి గట్టు మీద పడ్డట్టు, మూత్రసంచి నిండిపోయి ఒత్తిడి వెనక్కి కిడ్నీల మీదకి పోయింది. రెండు కిడ్నీలూ ఉబ్బి ఉన్నాయి. వెంటనే మూత్రసంచిలోకి పైపు వేసి బ్యాగ్ తగిలించారు. ఆ ఒక్క రోజులో ఎంత మూత్రం పోయిందో! నర్సమ్మ గంటగంటకీ కొలిచి రాసుకుంటూ, దానికి తగ్గట్టు సెలైన్ ఎక్కించింది. అడ్డం ఒక్కసారిగా తీసినప్పుడు కొందరికి ఇలా అవుతుందట, వదిలేస్తే ఒంట్లో నీరూ ఉప్పూ పడిపోతాయట.

ఆపరేషన్ అప్పుడే చెయ్యలేదు. ‘ముందు కిడ్నీలు తేరుకోనివ్వండి మాస్టారూ’ అన్నారు. మా అబ్బాయికి అది నచ్చలేదు, విశాఖ తీసుకుపోతానని గొడవ. నాకు మాత్రం ఆ మాట సబబుగానే తోచింది.

దాంతో కొన్ని వారాలు పైపుతోనే. బ్యాగ్ ఎప్పుడూ నడుముకి కిందనే ఉండాలి, పైకెత్తితే మూత్రం వెనక్కి పోతుంది. ఆమదాలవలస స్టేషన్లో రైలెక్కుతుంటే ఒకాయన సాయం చేద్దామని దాన్ని అందుకుని పై కొక్కానికి తగిలించబోయాడు! పంచె కడితే బ్యాగ్ కనబడదు. ప్యాంటు అలవాటున్నవాళ్లు ఆ కొన్నాళ్లు లుంగీకి మారడం మేలు. నీళ్లు బాగా తాగమన్నారు. పైపు చుట్టూ రోజూ సబ్బునీళ్లతో కడుక్కోమన్నారు.

ప్రోస్టేట్ క్యాన్సర్ అనుమానానికి చేసే పీఎస్ఏ అనే రక్తపరీక్ష వెంటనే చేయించేద్దామని మా అబ్బాయి తొందరపడ్డాడు. క్యాన్సర్ భయం. మూత్రం ఆగినా, పైపు వేసినా, ఇన్ఫెక్షన్ ఉన్నా ఆ అంకె ఊరికే పెరుగుతుందని, అప్పుడు చూస్తే లేనిపోని టెన్షనని డాక్టరు గారు ఆపారు. వేలితో పరీక్ష చేసి, గ్రంథి మెత్తగానే ఉందన్నారు, క్యాన్సరైతే గట్టిగా తగులుతుందట. పీఎస్ఏ తర్వాత చేయిస్తే ఫరవాలేదనిపించింది.

మందుల దగ్గరే అసలు చిక్కు. నాకు గుండెలో స్టెంట్ ఉంది. నేను ‘గుండె మాత్ర’ అని చెప్పేది నిజానికి క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్ కలిపిన గొట్టం మాత్ర. రెండూ రక్తం గడ్డకట్టకుండా చూసేవే. క్లోపిడోగ్రెల్ ఆపకుండా నడుముకి మత్తు సూది వెయ్యరు, అన్నీ ఆపేస్తే స్టెంటుకి ముప్పు. అందుకని గుండె డాక్టరు చేత రాయించుకు రమ్మన్నారు. ఆయన ఆపరేషన్‌కి వారం ముందు దాన్ని మార్చి వట్టి ఆస్పిరిన్ ఇచ్చారు. మాత్రల పేర్లు నోటితో చెప్పడం కాదు, అట్టలే పట్టుకెళ్లి చూపించాలి. నాటుమందులు వాడుతుంటే అవి కూడా.

మత్తు డాక్టరు ఈసీజీ, ఎకో, షుగర్ చూసి, చుట్ట మానమన్నారు. మా వైపు ఆడవాళ్లు కూడా అడ్డపొగ (చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని) తాగుతారు గనక మా ఆవిడకీ ఆ పూటే చెప్పేశారు. ఆవిడ నన్ను చూసిన చూపు వేరే సంగతి. మూత్రం కల్చర్‌లో క్రిములు కనబడితే ముందు యాంటీబయాటిక్ కోర్సు ఇచ్చారు. క్రిములుండగా కోస్తే అవి రక్తంలోకి పోతాయట.

సంతకాల కాగితం మా అబ్బాయి గబగబా పెట్టించబోతే, డాక్టరు గారే అతన్ని బయటికి పంపి నాతో విడిగా మాట్లాడారు. ఈ ఆపరేషన్ తర్వాత చాలామందికి వీర్యం బయటికి రాకుండా మూత్రసంచిలోకి పోతుంది, దానివల్ల ప్రమాదం లేదు, అంతమాత్రాన మగతనం పోయినట్టూ కాదు అని. ఈ వయసులో మనకెందుకులే అనుకుని చాలామంది అడగరు. అడగాలి. మా ఆవిడకి కూడా చెప్పాను.

ముందు రోజు రాత్రి తేలిగ్గా తిన్నాక ఇంకేమీ పెట్టలేదు. తెల్లవారి బీపీ మాత్ర మాత్రం గుక్కెడు నీళ్లతో వేసుకోమన్నారు. కట్టుడు పళ్లు, ఉంగరం, వెండి మొలతాడు తీయించారు. లోపల కరెంటుతో కోస్తారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదట. మొలతాడు తియ్యడానికి మనసొప్పక కాస్త గునిశాను.

అప్పటికి క్రియాటినిన్ 1.5కి దిగింది. ఆపరేషన్ గంట పట్టింది, మెలకువగానే ఉన్నాను, నడుము కింద ఏమీ తెలియలేదు. తర్వాత మూడు దారుల పైపు పెట్టి సెలైన్‌తో కడుగుతూనే ఉన్నారు. బ్యాగులో ఎర్రనీళ్లు చూసి మా ఆవిడ హడలిపోయింది. ముందే చెప్పారు గనక నాకు కంగారు లేదు. ముక్కడానికి వీల్లేదని విరేచనం సాఫీగా అయ్యే సిరప్ ఇచ్చారు, ఆరు వారాలు బరువులొద్దన్నారు. తీసిన ముక్కలు బయాప్సీకి పంపారు, అందులో క్యాన్సర్ లేదని వచ్చింది.

క్రియాటినిన్ మాత్రం ఆ 1.5 దగ్గరే ఆగింది. అది ఆ ఒత్తిడి మిగిల్చిన దెబ్బా, మా ఊరి జబ్బా అన్నది ఇప్పుడే చెప్పలేం, మూడు నెలలకోసారి చూపించుకోండి, నొప్పి బిళ్లల జోలికి పోవద్దు అన్నారు. మా వీధిలో ఒంటేలు సన్నగా వస్తోందన్న ముసలాళ్లకి మాత్రం ముందు స్కానింగ్ చేయించుకోమనే చెబుతున్నాను.